వెనక్కి లాగిన గాలం

స్కానింగు మిషను బల్ల ఆ గుహలాంటి గొట్టం లోపలికి జరుగుతున్నప్పుడు అసిరమ్మ కుడి అరచెయ్యి చిన్నగా అదిరింది. లోపలినుంచి ఎవరో దారం పట్టుకుని ఒక్క గుంజు గుంజి వదిలేసినట్టు. బల్ల ఆగింది, చెయ్యీ ఊరుకుంది. భయంతో వణికి ఉంటుందిలే అనుకుంది. పోయినసారి ఇదే బల్ల మీద ఒళ్లంతా వణికింది కదా. కాళ్లు ముందుగా లోపలికి పంపుతారని అప్పుడు ఆమెకి తెలియదు. పాదాలు రెండూ లోపలి వైపుకి తిప్పి, బొటనవేళ్లు ఒకదానికొకటి ఆనేటట్టు పెట్టి, పట్టీ వేసి కట్టేసరికి తల ఎత్తి చూసుకుంది. బొటనవేళ్లు కట్టేది శవానికి. కాళ్లు ముందుగా గడప దాటించేది శవాన్ని. మొగుడు గంగులుకి కట్టింది తన కళ్ల ముందే, తన పాత చీర అంచు చింపి ఇస్తే దాంతోనే కట్టారు, ముడి వదులైపోతే మళ్లీ కట్టారు. ఆ ముడి కళ్ల ముందుకి రాగానే చేతిలో పెట్టిన రబ్బరు బంతి నొక్కేసింది, బల్ల బయటికి వచ్చేదాకా ఆపకుండా నొక్కుతూనే ఉంది. ఫొటో రాలేదు. శ్రీకాకుళం నుంచి సముద్రం ఒడ్డున తమ పేటకి ఆటోలో వెళ్లినంతసేపూ కోడలు దుర్గ రోడ్డు వైపే చూసింది. ఇంటికెళ్లాక ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుని ఒక్క మాట మాత్రం అంది, మళ్లీ నొక్కితే నిన్ను తీసుకురాను అత్తా, నీ తుంటి నువ్వు చూసుకో అని. నవ్వుతూనే అంది. కానీ దుర్గ నవ్వుతూ అన్న మాట మీదే నిలబడుతుంది, ఆ సంగతి పేటలో అందరికీ తెలుసు.

ఈసారి నొక్కదు. ఇవాళ గంగమ్మ తల్లికి మొక్కుకుని మరీ వచ్చింది. మిషను నడిపే అమ్మాయి సుహాసిని, విజయనగరం పిల్లట, పలుకు మెత్తన, రెండు చేతులూ గుండె మీద పెట్టించింది. నడుం మీద పీత డొప్ప లాంటి పలక ఒకటి పెట్టి బిగించింది. చెవుల్లో దూది కుక్కింది. కుడి చేతిలో ఆ రబ్బరు బంతే మళ్లీ పెట్టి, ఇది మీ ధైర్యం కోసం మామ్మా, నిజంగా అవసరమైతేనే నొక్కండి అంది. కదలకూడదు, దగ్గకూడదు, కదిలితే ఫొటో చెదిరిపోతుంది. తల గుహ నోటి దగ్గరే ఉంది కాబట్టి కళ్లు పైకెత్తితే గది కప్పు ముక్క ఒకటి కనిపిస్తుంది. తెల్లగా, చదునుగా, ఏమీ లేని ముక్క. దాన్నే చూస్తూ పడుకుంటే సరిపోతుంది. ముందు ఎవరో మొహమాటంగా తలుపు కొట్టినట్టు టక్కు టక్కుమంది, తర్వాత ఇంజను అందుకోని బోటులా డగడగమని మొదలెట్టింది. అందుకోదు, ఆగదు. గంగులు అయితే ఈ చప్పుడు విని, నూనెలో నీళ్లు కలిసిపోయినాయే అనేవాడు. ఆయన చెవికి ఏ ఇంజనుకి ఏ రోగమో తెలిసేది. ఒంటి రోగం ఒక్కటే తెలియలేదు.

ఈ మోతంతా తన తుంటి కోసమేనట. ఎముకకీ ఎముకకీ మధ్య గుజ్జు ఎంత మిగిలిందో ఈ మోత లోపలికి వెళ్లి చూసి వస్తుందట. ఎక్స్‌రేలో ఎముకలే పడతాయి గాని గుజ్జు పడదని ఎముకల డాక్టరు చెప్పాడు. తన పిడికిలిని రెండో చేతి గుప్పిట్లో పెట్టి తిప్పి చూపించాడు, ఇదిగో గుండు, ఇదిగో గిన్నె, మధ్యలో మెత్తటి పొర, వయసుతో అది అరిగిపోతుంది, మీకు ఎంత అరిగిందో, కింద ఎముక గట్టిగా ఉందో పుచ్చిందో, చుట్టూ కండ ఎలా ఉందో చూడనిదే నేను కత్తి పట్టను అన్నాడు. అరుగుతుందని ఆమెకి వేరే చెప్పాలా. తాడు ఒరుసుకుని ఒరుసుకుని తెప్ప కర్రకే గాడి పడుతుంది. తల మీద గంప, గంప కింద చుట్టకుదురు, దాని కింద మెడ, మెడ కింద నడుం, ఆ బరువంతా చివరికి దిగేది తుంటి మీదకే అని మాత్రం ఆమె ఎప్పుడూ అనుకోలేదు. తల మోస్తోందనే అనుకుంది. ఇసకలో అయితే మరీను, ఒక కాలు దిగబడితే రెండో కాలు దాన్ని లాగాలి. తీరంలో వేలంపాట పాడి చేప కొనుక్కుని, ఆటో ఎక్కి, నాగావళి వంతెన దగ్గర దిగి, కవళ్లమ్మా నెత్తళ్లూ అని అరుచుకుంటూ సందులన్నీ తిరగడం. బట్టల కొట్టు వారి కోడలు కుసుమకుమారి గుమ్మంలో నిలబడి చూసి ఒకరోజు అనేసింది, ఏమే అసిరమ్మా, నీ గంప తిన్నగానే వస్తోంది గాని నువ్వే ఒరిగి వస్తున్నావు అని. గంప తిన్నగా ఉంచడానికి ఒళ్లే వంకర పోతోందని అప్పుడు తెలిసింది. తర్వాత కింద కూర్చోవడం పోయింది. చేపలమ్మే మనిషి కింద కూర్చోలేకపోతే ఇంకేం కోస్తుంది, ఏం అమ్ముతుంది. కత్తిపీట ముందు ఇప్పుడు దుర్గ కూర్చుంటోంది. కొడుకు ఎక్కడో పడమటి తీరాన వెరావల్ రేవులో ఎవరిదో బోటు మీద ఉన్నాడు, ఫోనులో అమ్మ తుంటి సంగతి అడుగుతాడు, చెప్పేది దుర్గే.

అత్త లక్ష్మణమ్మదీ ఇదే తుంటి. అప్పుడు దానికి ఫొటో లేదు, వాతం అన్నారు, ఆముదం కాచి రాశారు, అంతే. నిలబడడం మానేసి గోనెపట్టా మీద కూర్చుని, చేతులతో నేలని వెనక్కి తోసుకుంటూ ఇల్లంతా జరిగేది. ఆ గోనె చప్పుడు సర్రు సర్రుమని ఇంట్లో ఒక జంతువు తిరుగుతున్నట్టుండేది. సముద్రం ఇంటి వెనకే, మధ్యలో ఒక్క ఇసక దిబ్బ. ఆ దిబ్బ ఎక్కలేక ఆ మనిషి పోయేదాకా సముద్రం చూడలేదు. మోత వినేది, వాసన తగిలేది, రంగు మాత్రం తెలిసేది కాదు. తీరం నుంచి ఎవరొచ్చినా అడిగేది, ఇయ్యాల నీరు ఏ రంగుగున్నాదిరా అని. నీటి రంగు చూసి ఏ చేప పడుతుందో చెప్పగలిగిన మనిషి. చెప్పేవాళ్లకి విసుగు, నీలంగున్నాది అని ఏదో ఒకటి అనేసి పోయేవాళ్లు. నీలం అంటే ఏ నీలం అని గోనె మీంచి గొంతు వెంటపడేది. రేపు ఆ గోనె మీద తను కూర్చుంటే, దుర్గ గంప దించుతూ, నీలంగున్నాది అత్తా అంటుంది. నవ్వుతూనే అంటుంది. ఏ నీలం అని తను అడుగుతుంది. అక్కడిదాకా తలుచుకుని ఆగిపోతుంది అసిరమ్మ, ప్రతిసారీ అక్కడే. ఆ గోనె తప్పించుకోవడానికే ఈ గుహలోకి రెండోసారి వచ్చింది.

మోత ఆగింది. నిశ్శబ్దంలో చెవుల్లో దూది వేడిగా ఉంది. మళ్లీ మొదలైంది, ఈసారి వేరే మోత, అమ్మవారి పండగలో డప్పు వేగం అందుకున్నట్టు. దాంతోపాటు అరచేతిలో ఏదో మొదలైంది. భయం కాదు. భయమైతే ఒళ్లంతా ఉంటుంది, ఇది ఒక్క చోటే ఉంది, బొటనవేలి మొదట్లో, కండ పట్టిన చోట. డప్పు ఎలా మోగితే అలా లోపల చిన్న గింజ ఒకటి తడుతోంది. డగ్గుమంటే డగ్గుమంటోంది. మోత ఒక్క క్షణం ఆగితే అదీ ఆగుతోంది. అసిరమ్మ కప్పు ముక్కని చూడడం మానేసింది. గంగమ్మ తల్లీ, ఇది గాలం.

ఇందాక సుహాసిని అన్నీ అడిగింది. ఆపరేషన్లు అయ్యాయా, ఎముకల్లో రాడ్లు గాని మేకులు గాని ఉన్నాయా, గుండెలో ఏమైనా పెట్టారా, కంట్లో ఇనప రజను పడిందా, ఒంట్లో ఎక్కడైనా సూదిముక్క గాని ఇనుము గాని ఉండిపోయిందా అని. తనకి చెవులు బాగానే వినిపిస్తున్నా దుర్గ పక్కన నిలబడి ప్రతిదీ గట్టిగా మళ్లీ చెప్పింది. ముక్కుపుడక తీశారు, మెడలో పూసలు తీశారు, జడపిన్ను తీశారు. ఇనుము మాట వచ్చినప్పుడు ఆమె ఎడమచేతి వేలు కుడి అరచేతి మీదకి వెళ్లింది. వెళ్లి దాన్ని కప్పింది. నోరు, నేదమ్మా, అంది. అబద్ధం ఆడుదామని ఆడలేదు. అడిగిన ప్రతివాళ్లకీ అదే చెప్పి చెప్పి ఆ జవాబు నోట్లోనే కాపురం పెట్టింది, పిలవకుండానే బయటికి వస్తుంది. దానికి తోడు పక్కన దుర్గ ఉంది. గంగులు కోడలు. గంగులు మనవల్ని కన్న కోడలు.

పెళ్లైన కొత్త. తెప్ప నీడలో ఇసక మీద కూర్చుని గాలాల తాడుకి ఎర గుచ్చుతున్నారు ఇద్దరూ. ఆడది గాలాల తాడు ముట్టకూడదని అత్త అంటుందని, అత్త చూడకుండా. ఆయన గుచ్చుతుంటే ఆమె కవళ్ల ముక్కలు కోసి అందించాలి, అంతే పని, కానీ ఆమెకి గుచ్చాలని ముచ్చట. ఒక్కటి గుచ్చనీ మావా అని బతిమాలింది. గుచ్చింది. గాలి తాడుని లేపింది, తాడు గాలాన్ని లేపింది, గాలం అరచేతిలో దిగింది, కొన పక్కనుండే ఎదురు ముల్లు దాటి దిగింది. నొప్పి కాదు ముందు, చల్లగా అనిపించింది. పేటలో ఎవరినడిగినా చెబుతారు, గాలం దిగితే వెనక్కి లాగకూడదు. ముందుకే తొయ్యాలి. కొన రెండో పక్కన బయటికి వచ్చేదాకా తోసి, ముల్లు విరిచేసి, అప్పుడు వెనక్కి తియ్యాలి. చంటిపిల్లలకి కూడా తెలుసు. గంగులుకి తెలియదా. కానీ ఆమె చేతిలో నెత్తురు చూసేసరికి ఆయనకి ఏం తెలుసో అన్నీ మర్చిపోయాడు. పట్టుకుని వెనక్కి లాగేశాడు. ముల్లు కండకి పట్టుకుంది, ఆయన ఇంకా లాగాడు, టిక్కుమంది. ఆయన చేతిలో సగం గాలం, ఆమె చేతిలో సగం. తెల్లగా పాలిపోయి ఇసకలో కూలబడ్డాడు. గాలం దిగింది ఆమెకి, నీళ్లు చల్లాల్సి వచ్చింది ఆయనకి. "ఎవులికీ సెప్పకే అసిరీ," అన్నాడు. "గంగులు గాలం ఎనక్కి లాగినాడంటే నన్ను తెప్ప ఎక్కనివ్వరు." చెప్పలేదు. జెల్ల చేప ముల్లు గుచ్చుకుందని చెప్పింది అత్తకి. వాచింది, చీము పట్టింది, పసుపు పెట్టుకుంది, మానిపోయింది. లోపల గింజ మిగిలింది.

ఒంట్లో విరిగిన సూది నెత్తురుతో కలిసి పాకుతుందని, పాకి పాకి గుండెకి చేరుతుందని అత్త లక్ష్మణమ్మే ఒకరోజు ఎవరి గురించో చెబుతూ అంది. అత్తకి ఈ సంగతి తెలియదు, మామూలుగా అంది. ఆ రాత్రి అసిరమ్మ గంగులుకి చెబితే ఆయన పడుకున్నవాడల్లా లేచి కూర్చున్నాడు. చీకట్లో ఆమె చెయ్యి అందుకుని బొటనవేలి మొదట్లో తడిమి చూశాడు. "ఉన్నాదా?" అన్నాడు. ఉన్నాది అంది. అప్పట్నించి వేటకి పోయి వచ్చినప్పుడల్లా అదే మొదటి మాట. ఏం పడ్డాయో చెప్పడు, ఆకలని అయినా అనడు, చెయ్యి పట్టుకుని ఉన్నాదా అంటాడు. కొడుకు పుట్టాక, వాడు పెద్దై పెళ్లి చేసుకున్నాక కూడా. ఎవరైనా ఉంటే మాట పైకి అనకుండా వేలితో తడిమి ఊరుకునేవాడు. చూసినవాళ్లు ముసలోడికి పెళ్లాం మీద ముచ్చట తీరలేదనుకునేవాళ్లు. ఆయన పోయాక అడిగేవాళ్లు లేరు. తనే అప్పుడప్పుడు తడుముకుంటుంది. పాకలేదు. పాకిందేమో. అంత చిన్నది పాకితే మాత్రం తెలుస్తుందా.

ఇప్పుడు పాకుతుంది. ఈ మిషను ఇనుముని లాగుతుందని సుహాసినే చెప్పింది, గదిలోకి తాళంచెవి కూడా తేకూడదని, తెస్తే ఎగిరి వచ్చి అంటుకుంటుందని నవ్వుతూ చెప్పింది. తాళంచెవినే లాగేది గాలం ముక్కని వదులుతుందా. చెయ్యి ఎక్కడుంది. గుండె మీద ఉంది. ఆ పిల్లే పెట్టించింది. అరచేతికీ గుండెకీ మధ్య జాకెట్టు గుడ్డ, నాలుగు ఎముకలు, అంతే కదా ఉన్నది. చెయ్యి పక్కకి తీసేద్దామా. తీస్తే భుజం కదులుతుంది, భుజం కదిలితే నడుం కదులుతుంది, ఫొటో చెదురుతుంది. గింజ వేడెక్కుతోంది. నిజంగా వేడెక్కుతోందా, తను అనుకుంటే వేడెక్కుతోందా. అరచేతిలో చెమట పట్టి రబ్బరు బంతి జారుతోంది. బంతి నొక్కితే అన్నీ ఆగిపోతాయి. ఆగిపోయాక దుర్గ మొహం చూడాలి. మళ్లీ నొక్కినాదా అంటుంది, ఆ పిల్ల సుహాసిని, పాపం మామ్మకి భయం అంటుంది, ఇంకెవరూ ఈ తుంటి జోలికి రారు. లేదంటే నిజం చెప్పాలి. గాలం ఉందని చెబితే ఎలా వచ్చిందంటారు, ఎవరు లాగారంటారు. నలభై ఏళ్లు నడిసముద్రంలో వేటాడి, ఒక్క వల తెగకుండా, ఒక్క మనిషిని పోగొట్టుకోకుండా వచ్చిన మనిషని పేటంతా చెప్పుకునే గంగులు. చనిపోయినవాడి మీద నవ్వడం ఎంతసేపు.

మోత ఆగింది. తలపైన ఎక్కడో గరగరమని సుహాసిని గొంతు వచ్చింది, బాగా పడుకున్నారు మామ్మా, ఫొటోలు చక్కగా వస్తున్నాయి, ఇంకొక్కటే, గుజ్జు కనిపించేది అదే, కాస్త పొడుగు, అస్సలు కదలకండి. అసిరమ్మ నోరు తెరిచింది. మాట దొరికేలోపు గరగర ఆగిపోయింది, మోత అందుకుంది. గుజ్జు కనిపించేది ఇదే. ఇది ఒక్కటి ఓర్చుకుంటే చాలు. కాస్త పొడుగు అంటే ఎంత పొడుగు. వేటకి పోయినవాళ్ల కోసం దిబ్బ మీద నిలబడి చూసినంతా. ఓర్చుకోవడం తనకి కొత్తా. కళ్లు మూసుకుంది. గింజ ఇప్పుడు తట్టడం లేదు, గీరుతోంది, గూడు కట్టుకున్న చోటునుంచి బయటికి దారి వెతుక్కుంటున్నట్టు. మోచేతి దాకా జివ్వుమంది. అయ్యో, బయల్దేరింది. ఓర్చుకో. గంగులు ఓర్చుకోలేదా. కాళ్లు వాచినప్పుడు ఆయన లుంగీ కిందికి దించి కట్టేవాడు, నడుం దగ్గర ముడి జారుగా వేసి, మడమలు కప్పేటట్టు. ముసలోడికి ఈ సోకేమిటి అని తను వెక్కిరించింది. ఉద్దానం వాళ్లకి వచ్చే కిడ్నీ జబ్బు మనకెందుకు వస్తుందే అనేవాడు, అడగకుండానే అనేవాడు, అప్పుడైనా తను అనుమానపడాల్సింది. మొహం వాచి, ఆయాసం వచ్చి, ఆస్పత్రిలో పడుకోబెట్టేసరికి కిడ్నీలు రెండూ పోయాయన్నారు. ముందే వస్తే ఏమైనా చేసేవాళ్లమన్నారు. ఆ మంచం పక్కన నిలబడి, చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా ఆయన్ని తిట్టింది, ముందే ఎందుకు సెప్పనేదు, నోరు నేదా, సిగ్గా, ఎవులు నవ్వుతారని సిగ్గు. ఆయన ఆమె చెయ్యి అందుకుని బొటనవేలి మొదట్లో తడిమాడు. ఇప్పుడు ఆ తిట్లు తన గొంతుతోనే, ఈ మోత మీంచి, తనకే వినిపిస్తున్నాయి. నోరు నేదా. ఎవులు నవ్వుతారని.

నొక్కింది. కుడి చెయ్యి మొత్తం బిగించి నొక్కితే బంతి గింజకి ఒత్తుకుని కంట్లో నీళ్లు తిరిగాయి.

మోత తెగిపోయింది. గరగర వచ్చింది, "ఏమైంది మామ్మా, భయమేసిందా? అయిపోవచ్చింది కదా." బల్ల బయటికి జరుగుతూంటే చెయ్యి మళ్లీ ఒక్క గుంజు గుంజి వదిలేసింది. సుహాసిని వచ్చి మీదకి వంగింది, వెనకాలే గుమ్మం అవతల దుర్గ, ఆమె పెదవులు బిగుసుకుని ఉన్నాయి. అసిరమ్మ పట్టీలు విప్పేదాకా ఆగలేదు.

"భయం కాదమ్మా. నా సేతిలో గాలం ఉన్నాది."

అది చెప్పాక తేలిగ్గా ఉంటుందనుకుంది, ఉండలేదు. సుహాసిని మొహం తెల్లబోయింది, చక్రాల కుర్చీ వచ్చింది, పక్క గదిలో చల్లటి పలక మీద చెయ్యి బోర్లా పెట్టించి ఎక్స్‌రే తీశారు, వెల్లకిలా పెట్టించి మళ్లీ తీశారు. స్కాన్లు చూసే డాక్టరు జగన్నాధం వచ్చి, ఇనుము లేదని చెప్పారేమిటమ్మా, అదృష్టం బాగుంది గాని, అని కాస్త గట్టిగానే అన్నాడు. ఆమె తల వంచుకుంది. తర్వాత ఆయన టీవీ లాంటి దాన్ని ఆమె వైపు తిప్పాడు. బూడిద రంగు ఎముకలు, తన చేతివే, ఎవరివో చేతిలా ఉన్నాయి. బొటనవేలి మొదట్లో తెల్లగా, తళతళా మెరుస్తూ గాలం కొన. చిన్న వంపు, ఆ వంపు కింద ముల్లు, అలాగే ఉంది. కొన మణికట్టు వైపుకి చూస్తోంది. ఆ రోజు ఎటు తిరిగి దిగిందో అటే. ఆమె దగ్గరికి వంగి చూసింది. పాకలేదు. ఇన్నేళ్లూ నెత్తురు దాని చుట్టూ తిరిగింది గాని దాన్ని కదపలేదు. ఆయన ఎక్కడ వదిలేశాడో అక్కడే ఉంది. చుట్టూ కండ గట్టిపడి పట్టుకుంది, నరాలకి దూరంగా ఉంది, గుండెకి పోయేది కాదు అన్నాడు డాక్టరు. అసలు ఇది చేపకి వెయ్యాల్సింది కదమ్మా, నీకెవరు వేశారు అన్నాడు, కోపం తగ్గినట్టుంది.

చెప్పాలి. దుర్గ కుర్చీ పక్కనే నిలబడి ఆ తెల్లటి వంపునే చూస్తోంది. అసిరమ్మ, మీ మావ, అంది, అక్కడే ఆగింది. ఎనక్కి లాగినాడు అనే మాట నోట్లోకి రావడం లేదు.

దుర్గ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుంది అసిరమ్మ. కొంగు వెనకనుంచి నవ్వు వచ్చింది.

"ఇంకా లోపలే ఉన్నాదేటి అత్తా అది? ఎప్పుడో తీయించీసినారనుకున్నాను."

"నీకెలగ తెలుసే?"

"మావే సెప్పినాడు. బోటు మీద అందరికీ తెలుసు, పేటలో సగం మందికి తెలుసు. తాగినపుడల్లా అదే కత. గాలం ఎనక్కి లాగీసినాను, సిగ్గుపోయినాది, అయితే ఏటి, నా గాలానికి పడినవాటిలో అదొక్కటే ఇప్పటికీ తప్పించుకోనేదు అనీవోడు."

అసిరమ్మ కోడలి మొహంలోకి చూసింది. ఎవులికీ సెప్పకే అన్నవాడు. జెల్ల ముల్లు అని అత్తకీ, తోటి ఆడవాళ్లకీ, కన్నకొడుక్కీ ఇన్నేళ్లు చెప్పుకుంటూ వచ్చింది తను, వాళ్లంతా అవునవునంటూ విన్నారు, ఒక్కరూ బయటపడలేదు. ఓరి దొంగ సచ్చినోడా, అనుకుంది, ఎంత తిట్టాలో అంత తిట్టబోయింది, తిట్టు దొరకలేదు.

డాక్టరు మళ్లీ తుంటి మాటకి వచ్చాడు. ఆ ఒక్క ఫొటో మిగిలింది, అది లేకపోతే ఎముకల డాక్టరుకి అసలు సంగతి తెలియదు. ముక్క గట్టిగానే పట్టుకుని ఉంది కాబట్టి మెత్త వేసి చెయ్యి కట్టి, గుండె మీంచి పక్కకి పెట్టి తియ్యొచ్చు, కాస్త వేడి తగలొచ్చు, ఎక్కువైతే వెంటనే నొక్కాలి. వద్దంటే ఇంటికి వెళ్లిపోవచ్చు, ముందు చెయ్యి కోసి ముక్క తీయించుకుని అప్పుడే రావచ్చు, మీ ఇష్టం అన్నాడు. దుర్గ నవ్వు ఆపేసింది. "ఎల్పోదాం అత్తా," అంది, "తరవాత వద్దాం. నాను తీసుకొస్తాను." ఆ మాట ఆమె నవ్వకుండా అంది. అసిరమ్మకి గోనె చప్పుడు వినిపించింది, సర్రు సర్రుమని, ఏ నీలం అని అడిగే గొంతు వినిపించింది. కోయించుకోవడం తరవాతి మాట. కోసి తీసేస్తే ఇంక తడుముకోవడానికి ఏం ఉంటుంది. ఇప్పుడే ఎల్తాను అంది.

మళ్లీ పట్టీ, బొటనవేళ్లు, పీత డొప్ప, దూది. ఈసారి రబ్బరు బంతి ఎడమ చేతిలో. కుడి చెయ్యి మెత్త మధ్య, గుడ్డ చుట్టి, పక్కన. బల్ల లోపలికి జరుగుతున్నప్పుడు గాలం ఒక్క గుంజు గుంజింది. నువ్వూ వచ్చేవులే అని దాంతో అనుకుంది. మోత మొదలైంది, అదే పొడుగు మోత, గింజ తట్టడం మొదలెట్టింది. వేడిగానే ఉంది, కానీ ఇంటి పొయ్యి దగ్గర చెయ్యి చాపినంత వేడి, అంతకంటే లేదు. ఇందాకా కూడా ఇంతేనేమో. కప్పు ముక్కని చూసింది. బోటు మీద వాళ్లంతా కూర్చుని ఉన్నారు, గంగులు మధ్యలో, చేతిలో గ్లాసు, ఇసకలో ఎలా కూలబడ్డాడో చూపిస్తున్నాడు, పడి మరీ చూపిస్తున్నాడు, అందరూ నవ్వుతున్నారు. ఒడ్డు మీద తను దిబ్బ ఎక్కి చూస్తోంది, ఈ నవ్వు గాలికి వినిపించలేదు ఏనాడూ. వేటనుంచి దిగి మొహం గంభీరంగా పెట్టుకుని చెయ్యి పట్టుకుని ఉన్నాదా అనేవాడు, ఆ మీసం కింద నవ్వు అప్పటికి ఇంకా ఆరి ఉండదు. పొట్టలో నవ్వు లేచింది. పొట్ట కదలకూడదు. పంటి కింద పెదవి పట్టుకుంది. నవ్వు రొమ్ములోకి ఎక్కింది, గొంతులోకి ఎక్కింది, అక్కడ నవ్వో ఏడుపో తేలక ఆగింది. భయాన్ని ఓర్చుకోవడమే నయం, ఇది ఓర్చుకోలేం. కంటి చివర్ల నుంచి నీళ్లు జారి చెవుల్లో దూదిని తడిపాయి. తుంటి మాత్రం కదలనివ్వలేదు. చెరువులో రాయిలా పడుకుంది నడుం కింద ఒళ్లంతా, నడుం పైన అంతా సముద్రం. ఉన్నాదా అంటున్నాడు. పెదవి కదపకుండా చెప్పింది, ఉన్నాది మావా, ఇక్కడే ఉన్నాది. మోత ఎప్పుడు ఆగిందో ఆమెకి తెలియలేదు. గరగరమని గొంతు వచ్చాక తెలిసింది. వచ్చేసింది మామ్మా, అద్దంలా వచ్చింది.

జగన్నాధం చాలాసేపు చూశాడు. ఈసారి ఆమెని దగ్గరికి పిలిచి, పెన్ను కొనతో చూపించాడు. గుండ్రటి గుండు, దాన్ని పట్టుకున్న గిన్నె. ఎడమ తుంటిలో మధ్య గీత సన్నగా, వెల్తురులా అంతటా ఉంది. కుడి తుంటిలో పైకి వచ్చేసరికి ఆ గీత లేదు, ఎముక మీద ఎముక కూర్చుంది. గుజ్జు ఇక్కడ పూర్తిగా పోయిందమ్మా, ఇది వయసు, బరువు. కింద ఎముక పుచ్చలేదు, అది గట్టిగా ఉంది. చుట్టూ కండ చూడు, నీ వయసు వాళ్లకి ఇంత కండ ఉండదు, ఇసకలో నడిచిన కండ. ఎముకల డాక్టరు కీలు మారుస్తారనుకుంటాను, మారిస్తే నడుస్తావు, ఆ మాట ఆయన చెప్పాలి గాని నాకు నమ్మకం ఉంది. గంప మాత్రం ఇంక ఎత్తకు.

గంప మాటకి ఆమె తల పైకి వేళ్లు వెళ్లాయి, చుట్టకుదురు పెట్టి పెట్టి జుట్టు పలచబడిన చోటుకి. తర్వాత అడిగింది.

"ఇసక దిబ్బ ఎక్కొచ్చా బాబూ? అవుతలకి ఎల్లి నీరు సూసి వచ్చీడానికి?"

ఏ దిబ్బో ఆయనకి తెలియక దుర్గ వైపు చూశాడు. దుర్గ అత్త కుడి చెయ్యి అందుకుంది, గుడ్డ విప్పుతూ బొటనవేలి మొదట్లో వేలితో ఒకసారి తడిమింది.

"ఎక్కుతాది బాబూ. నాను ఎనకాల నిలబడి తోస్తాను." గుడ్డ మడత పెట్టి, నవ్వకుండా చెప్పింది. "ముందుకే తోస్తాను. ఎనక్కి లాగను."